బెజవాడ, గుంటూరు విద్యార్థులకు సమకాలీన కళా మ్యూజియంలో ఇంటర్న్‌షిప్: మొదటి అడుగు నుంచి చివరి రోజు దాకా

ఏటా సంక్రాంతి సెలవులు అయిపోయాక గుంటూరులో నా స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఇద్దరో ముగ్గురో పిల్లలు వచ్చి నిలబడతారు. "మేడమ్, మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. కానీ నాకు బొమ్మలు వేయడం రాదు" అంటారు. దాదాపు అందరి మొదటి మాటా ఇదే. నా జవాబు కూడా ఏటా ఒకటే. బొమ్మ వేయడం రాకపోయినా ఫరవాలేదు. ఎదురుగా ఉన్న వస్తువును పది నిమిషాలు ఓపిగ్గా చూసి, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టడం రావాలి. మ్యూజియంలో ఇంటర్న్‌కు ఇచ్చే పనిలో ముప్పావు వంతు దీని మీదే నడుస్తుంది. దీన్ని విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని, ఎవరికీ ఫీజు కట్టకుండా నేర్చుకోవచ్చు. చదువుకునే రోజుల్లో నేను ఈ పని చేశాను, తర్వాత నా విద్యార్థులను పంపాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి

మ్యూజియం అనగానే మనకు శాతవాహనుల నాణేలు, విరిగిన శిల్పాలు, గాజు బీరువాలు గుర్తొస్తాయి. సమకాలీన కళా మ్యూజియం తీరు వేరు. అక్కడున్న వాటిని చేసిన కళాకారుల్లో చాలామంది ఇప్పటికీ పని చేస్తూనే ఉంటారు, ఫోన్ చేస్తే పలుకుతారు. వాళ్లు వాడే సరుకు కూడా రంగులు, కాన్వాసు దగ్గర ఆగదు. సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలూ బకెట్లూ పేర్చి పెద్ద పెద్ద శిల్పాలు కట్టారు. షీలా గౌడ ఆవు పేడతో, కుంకుమ పట్టించిన దారాలతో పని చేశారు. సూర్యాపేటలో పుట్టి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాసుతో మన ఆడవాళ్ల ముఖాలను మనిషిని మించిన ఎత్తులో చేశారు. ఆ కొప్పులో పూలు చూస్తే మన పక్కింటి అత్తయ్య గుర్తొస్తుంది.

ఇలాంటి కళతో వచ్చే చిక్కులూ కొత్తవే. కుంకుమ రంగు వెలిసిపోతే కొత్త కుంకుమ పట్టించవచ్చా, లేక ఆ వెలిసిపోవడం కూడా కళాకృతిలో భాగమేనా? వీడియోను చూపించే పాత టీవీ పాడైపోతే ఇప్పటి పల్చటి టీవీ పెట్టొచ్చా? పుస్తకాలు చూస్తే వీటికి జవాబు దొరకదు. కళాకారుణ్ణి అడగాలి, ఆయన చెప్పింది రికార్డు చేయాలి, దాన్ని అక్షరం పొల్లు పోకుండా టైపు చేసి ఫైల్లో పెట్టాలి. ఆ టైపు చేసే పని చాలాసార్లు ఇంటర్న్ చేతికే వస్తుంది. కొందరు దాన్ని చిన్న పని అనుకుంటారు. నలభై ఏళ్ల తర్వాత ఆ కళాకృతిని బాగుచేయబోయేవాళ్లకు దారి చూపేది ఆ కాగితమే.

మ్యూజియంలో విభాగాలు తెలిస్తే మీకు సరిపోయేది ఏదో మీకే తెలుస్తుంది. ఏ కళాకృతులు సేకరించాలి, ప్రదర్శనలో ఏవి పెట్టాలి అని చూసే క్యూరేటర్ల దగ్గర పరిశోధన, రాత ఉంటాయి. చరిత్ర, సాహిత్యం చదివేవాళ్లు అక్కడ ఇముడుతారు. రిజిస్ట్రార్ అంటే ప్రతి వస్తువు ఎక్కడ నుంచి వచ్చింది, ఇప్పుడు ఏ అరలో ఉంది, ఎవరికి అప్పుగా వెళ్లింది, ఎంతకు బీమా చేశారు అనే లెక్కంతా చూసేవారు. బి.కామ్. పిల్లలు ఆ విభాగం గురించి అసలు ఆలోచించరు గానీ, వాళ్లకు అది చక్కగా నప్పుతుంది. కన్సర్వేషన్ అంటే వస్తువులు పాడవకుండా చూడటం, పాడైతే బాగుచేయడం. కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇక్కడికి రావాలి. స్కూలు పిల్లలను తిప్పి చూపించే ఎడ్యుకేషన్ విభాగంలో మాట కలుపుగోలుతనం ఉన్నవాళ్లు రాణిస్తారు. ఆర్కిటెక్చర్ పిల్లలు ఎగ్జిబిషన్ డిజైన్‌కూ, ఇంజినీరింగ్ పిల్లలు వీడియో, సౌండ్, డేటాబేస్ పనులకూ ప్రయత్నించవచ్చు.

కాలేజీ క్యాలెండరుతో లెక్క సరిచూసుకోండి

మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకు ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. 2020-21లో వచ్చిన మార్పులతో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత వేసవిలో ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్ వచ్చి చేరాయి. చాలామంది ఈ నెలలను ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి వాడేస్తున్నారు. ఆ కాలాన్నే మ్యూజియంలో గడిపితే క్రెడిట్లూ వస్తాయి, పనీ వస్తుంది. ముందుగా మీ మెంటర్ లెక్చరర్‌ను కలిసి మ్యూజియం పనిని లెక్కలోకి తీసుకుంటారా, ఎన్ని గంటలు చూపించాలి, లాగ్‌బుక్ ఏ పద్ధతిలో ఉండాలి అని అడిగి, ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. నోటి మాట మీద వెళ్లి తర్వాత ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు. వేసవిలో వెళ్లాలంటే జనవరిలోనే ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాలి. పెద్ద మ్యూజియాల్లో ఒక దరఖాస్తు నాలుగు బల్లలు దాటి రావాలి, ఏప్రిల్‌లో అడిగితే జూన్ అయిపోతుంది.

బోనఫైడ్ సర్టిఫికెట్, కాలేజీ నుంచి అభ్యంతరం లేదనే లేఖ, ఆధార్, ఇద్దరు లెక్చరర్ల సిఫార్సు లేఖలు. ఈ కాగితాలన్నీ ఒక పి.డి.ఎఫ్.లో పెట్టి ఉంచుకుంటే చాలు.

కన్ను ఇక్కడే పదును పెట్టుకోండి

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు మెట్టు ఇదే. దరఖాస్తు చేయడానికి కనీసం ఆరు వారాల ముందు దీన్ని మొదలుపెట్టండి.

విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1887 నాటి విక్టోరియా జూబ్లీ భవనం, తర్వాత దానికి కొత్త హాళ్లు కలిశాయి. చిత్రకారుడు బాపు పేరుతో 2020లో మళ్లీ తెరిచారు. అందులో ఉన్నది పాత కళే, సమకాలీన కళ కాదు. అయినా చూడటం నేర్చుకోవడానికి దాన్ని మించిన చోటు మనకు దగ్గరలో లేదు. అల్లూరు నుంచి వచ్చిన బుద్ధుడి విగ్రహం ముందు నిలబడి, సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి, పది నిమిషాలు చూడండి. మొదటి రెండు నిమిషాల్లో "బుద్ధుడు, నిలబడి ఉన్నాడు, రాయి" అని అయిపోతుంది. ఐదో నిమిషంలో చీర కుచ్చిళ్లలా జారే ఉత్తరీయం మడతలు కనబడతాయి. ఎనిమిదో నిమిషానికి ఆ రాయి ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ గరుకుగా ఉంది, ఏ భాగం విరిగింది అనే దగ్గరకు కన్ను వెళ్తుంది. అక్కడ మొదలవుతుంది మ్యూజియం పని. గుంటూరువాళ్లకు బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది, అమరావతికి బస్సు ఉంది. చెన్నై వెళ్లే పని పడితే పొద్దున్నే పినాకిని ఎక్కి, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను కూడా చూసి రండి. ఒక ఊరి రాళ్లు మూడు నాలుగు ఊళ్లకు, లండన్‌కు కూడా చేరడం వెనక ఎన్ని చేతులు మారాయో ఆలోచిస్తే రిజిస్ట్రార్ కాగితాలకున్న విలువ అర్థమవుతుంది.

తర్వాత ఇంటికి రండి. మన ఇళ్లలో షోకేసులో కొండపల్లి బొమ్మ ఒకటైనా ఉంటుంది. దాన్ని మీ మొదటి మ్యూజియం వస్తువు అనుకోండి. బల్ల మీద తెల్లటి దుప్పటి మడత పెట్టి పరవండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. బొమ్మను తల దగ్గరో చేతి దగ్గరో పట్టుకోవద్దు. ఒక చెయ్యి పీట కింద, ఇంకో చెయ్యి నడుము దగ్గర ఉండాలి. పెన్ను దగ్గరకు రానివ్వద్దు, పెన్సిల్ మాత్రమే. సిరా మరక పడితే పోదు, పెన్సిల్ గీత పడినా తీసేయొచ్చు.

ఇప్పుడు రాయండి. మా విద్యార్థిని ఒకమ్మాయి తన అమ్మమ్మగారింటి నుంచి తెచ్చిన బొమ్మకు రాసిన స్థితి నివేదికను, ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

"వస్తువు: కల్లుగీత కార్మికుడు, తాటిచెట్టు. తెల్లపొణికి చెక్క, మక్కు, రంగులు. ఎత్తు 21.5, వెడల్పు 9, లోతు 8.2 సెం.మీ. చెట్టు మీద ఎడమ నుంచి మూడో ఆకు కొన విరిగింది, ముక్క లేదు. విరిగిన చోట చెక్క రంగు మాసి ఉంది, కాబట్టి పాతది. మనిషి కుడి మోచేయి దగ్గర 4 మి.మీ. మేర రంగు పెచ్చు లేచింది, ఇంకా ఊడలేదు, తాకకూడదు. పీట అడుగున పుచ్చు పురుగు రంధ్రాలు 2. తెల్ల కాగితం మీద ఒక రాత్రి ఉంచితే పొడి రాలలేదు. వెనక వైపు రంగు ముందు వైపు కంటే ముదురు. కిటికీ వైపు ముందుభాగం ఉంచినందువల్ల వెలిసి ఉండవచ్చు."

ఇందులో "చాలా అందంగా ఉంది", "పాతకాలపు వైభవం" లాంటి మాట ఒక్కటీ లేదు. "కొంచెం పాడైంది" అని కూడా లేదు. ఎక్కడ, ఎంత, పాతదా కొత్తదా, ఇంకా పెరుగుతుందా అన్నవే ఉన్నాయి. పురుగు ఇంకా లోపల తింటుందో లేదో తెలుసుకోవడానికి తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచడం ఆమె సొంత ఆలోచన. ఆ ఒక్క వాక్యం చూసే ఆమెను పిలిచారని తర్వాత తెలిసింది.

ఇలా పది వస్తువులకు రాయండి. నాన్నగారి పాత వాచీ, నానమ్మ మంగళగిరి చీర, బందరు కలంకారీ దుప్పటి, పెళ్లి ఫోటో, ఇత్తడి మరచెంబు, ఏదైనా సరే. ప్రతిదానికీ ఒక నంబరు ఇవ్వండి. మ్యూజియాల్లో సాధారణంగా వస్తువు వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది అది ఎన్నోది అన్నవి కలిపి 2025.7 లాగా రాస్తారు. నాలుగు వైపులా ఫోటోలు తీసి, పక్కన స్కేలు పెట్టండి. ఆ పది పేజీలే మీ పోర్ట్‌ఫోలియో. కంప్యూటర్ సెంటర్లలో చేయించే రంగురంగుల సి.వి.ల కంటే దీనికి బరువు ఎక్కువ.

కొలతల గురించి ఒక మాట చెప్పి తీరాలి. కళాకృతి కొలతలు రాసేటప్పుడు ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, చివర లోతు. నా ఇంటర్న్‌షిప్ రెండో వారంలో ఒక కాన్వాసుకు నేను వెడల్పు ముందు రాశాను. ఆ కాగితం చూసి వడ్రంగి రవాణా పెట్టె చేశాడు. తీరా చూస్తే అడ్డంగా ఉన్న చిత్రానికి నిలువు పెట్టె వచ్చింది. లారీ వచ్చి నిలబడి ఉంది, పెట్టె మళ్లీ చేయాలి. అక్కడి పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు. నా చేత పాత అంకెల మీద ఒక్క గీత కొట్టించి, పక్కన సరైనవి రాయించి, తేదీ వేసి సంతకం పెట్టమన్నారు. తప్పును చెరిపేయకూడదు, తప్పు జరిగిందని కూడా రికార్డులో ఉండాలి అన్నారు. అప్పటి నుంచి నా చేతికి టేపు వస్తే ముందు నిలువుగానే వెళ్తుంది.

లేబుల్ రాయడం

గోడ మీద చిత్రం పక్కన చిన్న అట్ట ఉంటుంది కదా, అదే లేబుల్. కళాకారుడి పేరు, పుట్టిన ఏడాది, కళాకృతి పేరు, చేసిన ఏడాది, వాడిన పదార్థాలు, కొలతలు, ఎవరి సేకరణలోది అన్నవి ముందు వస్తాయి. కింద నాలుగైదు వాక్యాలు. ఆ వాక్యాలే కష్టం. షీలా గౌడ కుంకుమ దారాల పనికి "కళాకారిణి స్త్రీ అస్తిత్వపు అనంత వేదనను ఆవిష్కరించారు" అని రాస్తే నిలబడి చదివేవాళ్లకు ఏమీ అందదు. "ఈ తాడు సూదుల్లోంచి దూర్చిన దారాలతో పేనింది. చివర్లు చూడండి, సూదులు ఇంకా వేలాడుతున్నాయి" అంటే మనిషి ఒక అడుగు ముందుకు వేసి వంగి చూస్తాడు. మనిషి తల తిప్పి మళ్లీ కళాకృతి వైపు చూశాడంటే లేబుల్ పని చేసినట్టు. మీ పదింటిలో మూడింటికి ఇలా యాభై అరవై మాటల లేబుళ్లు రాయండి, తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. రాశాక ఇంట్లో చదువు తక్కువున్న పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు "ఏదీ, చూపించు" అంటే బాగా రాశారన్నమాట.

ఎక్కడికి రాయాలి

సమకాలీన కళ ఉన్న పెద్ద మ్యూజియాల కోసం మనవాళ్లు ఊరు దాటాల్సిందే. బెంగళూరులో రెండు ఉన్నాయి. ఒకటి మాణిక్యవేలు భవనంలో 2009లో తెరిచిన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, రెండోది కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ. రెండోదాంట్లో డిజిటల్ పని ఎక్కువ, కాబట్టి కంప్యూటర్ చదివినవాళ్లు ముందు దాన్ని చూడండి. ఢిల్లీలో 1954 నుంచి ఉన్న నేషనల్ గ్యాలరీ, 2010లో మొదలైన కిరణ్ నాడార్ మ్యూజియం. హైదరాబాదులో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, ఇంకా ప్రైవేటు గ్యాలరీలు. మొదటిసారి ఇల్లు వదిలేవాళ్లకు హైదరాబాదే తేలిక, ఆదివారం ఇంటికొచ్చి వెళ్లొచ్చు. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే మ్యూజియం కాదు, రెండేళ్లకోసారి జరిగే పెద్ద ప్రదర్శన. కానీ విద్యార్థులకు అక్కడ విడిగా ఒక వేదికే ఉంది. గోడలు కట్టడం నుంచి కళాకారులకు సాయం దాకా ఒక్కచోట చూడాలంటే అంతకంటే మంచి అవకాశం అరుదు. విదేశాల్లో అయితే వెనిస్‌లోని పెగ్గీ గుగ్గెన్‌హైమ్ కలెక్షన్ ఎన్నో ఏళ్లుగా వేరే దేశాల విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటోంది. పోటీ ఎక్కువ, పీజీలో ఉన్నవాళ్లు ప్రయత్నించండి.

వీటి వెబ్‌సైట్లలో ఉద్యోగాలు, ఇంటర్న్‌షిప్‌ల పేజీ ఉంటుంది. అక్కడ ప్రకటన లేకపోయినా ఆ విభాగం పేరు మీద ఉత్తరం రాయొచ్చు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

దూరం వెళ్లే వీలు లేనివాళ్లూ ఉంటారు. ఇంట్లో పరిస్థితులు అందరివీ ఒకలా ఉండవు. అలాంటివాళ్లు స్థానిక మ్యూజియంలో కేటలాగ్ పనికి అడగండి. లేదా మీ కాలేజీలోనే ప్రిన్సిపాల్ గది గోడల మీద, స్టోర్ రూములో దుమ్ము కొట్టుకుపోతున్న చిత్రాలు ఉంటాయి. వాటికి నంబర్లు, ఫోటోలు, స్థితి నివేదికలతో జాబితా చేస్తామని కాగితం పెట్టండి. ఒక బ్యాచ్ పిల్లలు ఈ పని చేసి చూపించి, మరుసటి ఏడాది దాని బలంతోనే పెద్ద చోట్లకు వెళ్లారు.

ఉత్తరం

ఈమెయిల్ ఒక పేజీ దాటకూడదు. "చిన్నప్పటి నుంచి నాకు కళలంటే ప్రాణం" అనే వాక్యం వాళ్లు రోజూ చదువుతారు. దానికి బదులు మీకు మాత్రమే తెలిసిన ఒక నిజం చెప్పండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా విద్యార్థి ఒకతని ఇంట్లో ఫోటో ఆల్బమ్‌లన్నీ నానిపోయాయి. అతని ఉత్తరం ఇలా మొదలైంది:

"వరద నీళ్లు తీశాక మా అమ్మా నాన్నల పెళ్లి ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి కనిపించాయి. తొందరపడి రెండింటిని విడదీశాను, రెండు ముఖాలూ పోయాయి. తర్వాత చదివి తెలుసుకున్నాను: అంటుకున్న ఫోటోలను లాగకూడదు, శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచితే మెల్లగా వాటంతటవే విడిపోతాయి, బొమ్మ వైపు పైకి పెట్టి నీడలో ఆరబెట్టాలి, వెంటనే చేసే వీలు లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టాలి. అలా ముప్పై ఒక్క ఫోటోలు దక్కాయి. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మీ కన్సర్వేషన్ విభాగంలో మే, జూన్ నెలల్లో పని నేర్చుకోవాలని ఉంది."

ఆ తర్వాత రెండు పేరాలే: ఏ తేదీల నుంచి ఏ తేదీల వరకు వీలవుతుంది, పోర్ట్‌ఫోలియోలో ఏముంది. ముందు తెలుగులో రాసుకుని, మీరే సాదా ఇంగ్లిష్‌లోకి మార్చండి. యంత్రం చేత రాయిస్తే ఆ పెళ్లి ఫోటోల ఊసే ఉండదు. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి. ఆపైన ఇంకో చోట ప్రయత్నించండి.

ఇంటర్వ్యూ ఎక్కువగా వీడియో కాల్‌లోనే ఉంటుంది. ఇంగ్లిష్ గురించి మన పిల్లలకు ఉండే టెన్షన్ నాకు తెలుసు. తెర మీద ఒక చిత్రం చూపించి "ఏం కనిపిస్తోంది?" అని అడిగితే అర్థం చెప్పడానికి పరిగెత్తకండి. ముందు ఉన్నవి చెప్పండి: ఎన్ని ఆకారాలు, ఏ రంగు ఎక్కడ, వెలుతురు ఎటు నుంచి. చిన్న చిన్న వాక్యాలు చాలు. తెలియని కళాకారుడి గురించి అడిగితే తెలియదని చెప్పి, ఆయన చిత్రాల్లో మొదట ఏది చూడాలో వాళ్లనే అడగండి.

డబ్బు, బస, ఇంట్లోవాళ్లు

కొన్ని చోట్ల స్టైపెండ్ ఇస్తారు, చాలా చోట్ల ఇవ్వరు. ఎంపికయ్యాక సిగ్గుపడకుండా అడగండి: స్టైపెండ్ ఉందా, వారానికి ఎన్ని రోజులు, నా పని చూసేది ఎవరు, చివర సర్టిఫికెట్‌లో గంటలు, చేసిన పని రాస్తారా. హాస్టల్ అద్దె, తిండి, మెట్రో, రాకపోకల రైలు ఖర్చు ఒక కాగితం మీద వేసి నాన్నగారి ముందు పెట్టండి. "జీతం లేని పనికి బెంగళూరు ఎందుకురా?" అనడం ఆయన తప్పు కాదు, మన ఇళ్లలో మ్యూజియం ఉద్యోగం ఎవరూ చూడలేదు. "నాన్నా, ఇది మా సెమిస్టర్‌లో క్రెడిట్లున్న పని. సోమవారం మ్యూజియానికి సెలవు, మిగతా రోజులు పది నుంచి ఆరు. ఇదిగో నా పని చూసే మేడమ్ పేరు" అని వివరంగా చెప్పిన పిల్లలకు ఇంట్లో అడ్డు తక్కువ. ఆడపిల్లల తల్లిదండ్రులతో అవసరమైతే నేనే ఫోన్‌లో మాట్లాడతాను. మీ లెక్చరర్‌ను కూడా అలా అడగండి.

మొదటి వారం

మొదటి వారం చేతుల కంటే కళ్లకు, చెవులకు పని. ఏదైనా ఎత్తే ముందు అది ఎక్కడ పెట్టాలో ఖాళీ చూసుకోవాలి, దారిలో తలుపులు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి, ఆ తర్వాతే ఎత్తాలి. చిత్రపటాన్ని పై ఫ్రేము పట్టుకుని లేపకూడదు. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన. లోహాలకు, ఫోటోలకు నైట్రైల్ గ్లవుజులు వేసుకుంటారు. పాత కాగితానికి మాత్రం చాలా చోట్ల కడిగి ఆరబెట్టుకున్న ఉత్త చేతులే మేలంటారు, ఎందుకంటే గ్లవుజులో కాగితం అంచు తెలియక చిరుగుతుంది. ఏ వస్తువుకు ఏ పద్ధతో అక్కడివాళ్లను అడగండి. వీపు మీది బ్యాగు గ్యాలరీలోకి వద్దు. మీరు వెనక్కి తిరిగినప్పుడు అది ఎవరికి తగులుతుందో మీకు కనిపించదు.

వెలుతురు, గాలిలో చెమ్మ గురించి రోజూ వింటారు. కాగితం, బట్ట మీది పనులకు సాధారణంగా 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురే ఉంచుతారు, నూనె రంగుల చిత్రాలకు 200 దాకా. మన మధ్యాహ్నపు ఎండ దీనికి వందల రెట్లు. షోకేసులో బొమ్మ ముందు వైపు ఎందుకు వెలిసిందో అప్పుడు తెలుస్తుంది. చెమ్మ యాభై శాతానికి అటూ ఇటూగా నిలకడగా ఉండాలని చూస్తారు. చెమ్మ ఎక్కువైతే బూజు పడుతుంది, పెరుగుతూ తగ్గుతూ ఉంటే చెక్క ఉబ్బి, ముడుచుకుని పైన ఉన్న రంగును వదిలించేస్తుంది. కృష్ణా తీరంలో పెరిగినవాళ్లకు వానాకాలం తలుపులు బిగుసుకుపోవడం తెలుసు కదా, కథ అదే.

ఫోటోలు తీయొచ్చా అని ప్రతిసారీ అడగండి. సమకాలీన కళకు కాపీరైట్ ఉంటుంది. మన చట్టం ప్రకారం కళాకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. స్టోర్ రూము ఎక్కడుంది, దేని బీమా విలువ ఎంత, రాబోయే ప్రదర్శనలో ఏముంది అనేవి స్నేహితులకు కూడా చెప్పకూడదు. ఇన్‌స్టాలో సరదాగా పెట్టిన ఒక స్టోరీ వల్ల ఇంటర్న్‌షిప్ మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

జనం ముందు

మీకు ఎడ్యుకేషన్ విభాగం దక్కితే స్కూలు పిల్లలను తిప్పాలి. గీతలు మాత్రమే ఉన్న చిత్రం ముందు ఒక పిల్లాడు తప్పకుండా అంటాడు: "అక్కా, ఇది మా చెల్లి కూడా వేస్తుంది." కసురుకోవద్దు, కళాచరిత్ర పాఠమూ వద్దు. "అవునా, ఏ గీత చూసి అలా అనిపించింది?" అని అడగండి. వాడు చూపిస్తాడు. "ఇంకేం కనిపిస్తోంది?" అనండి. పక్కవాడు ఇంకోటి చూపిస్తాడు. ఐదు నిమిషాల్లో ఆ గీత ఎంత వేగంగా గీశారు, ఎక్కడ చెయ్యి ఆగింది, ఏ రంగు మీద ఏది వచ్చింది అని వాళ్లే వాదించుకుంటారు. బెంగళూరులో తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. తెలుగులో మాట్లాడే కుటుంబం కనిపిస్తే దగ్గరకెళ్లి పలకరించండి. లేబుల్ చదవకుండా దాటిపోయే అమ్మమ్మలు తమ భాషలో నాలుగు ముక్కలు వింటే ఆగుతారు. అలా ఆగి, కుంకుమ దారాల గురించి నాకు తెలియని సంగతులు చెప్పిన పెద్దావిడ నాకు ఇప్పటికీ గుర్తున్నారు.

లాగ్‌బుక్, ఆపైన

ప్రతి సాయంత్రం పావుగంట కేటాయించండి. "ఈ రోజు ఆర్కైవ్ పని చేశాను" అని కాకుండా, "1980ల నాటి 46 ప్రదర్శన ఆహ్వాన పత్రాలకు నంబర్లు రాశాను, తుప్పు పట్టిన పిన్నులు తీసేశాను, తేదీ లేనివి 9" అని రాయండి. కాలేజీకి ఇదే ప్రాజెక్టు రిపోర్టు అవుతుంది. చివరి వారంలో మీరు చేసిన పని ఎక్కడి దాకా వచ్చింది, ఏది మిగిలింది అని ఒక పేజీ రాసి మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇచ్చి రండి. ఇలా ఇచ్చేవాళ్లు తక్కువ, అందుకే ఇచ్చినవాళ్లను మళ్లీ పిలుస్తారు.

ఈ దారిలోనే సాగాలనుకుంటే బరోడా ఎమ్మెస్ యూనివర్సిటీలో 1952 నుంచి మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణ నేర్పే చదువు) విభాగం ఉంది. నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళాచరిత్ర, కన్సర్వేషన్, మ్యూజియాలజీలో పీజీ కోర్సులు ఉన్నాయి. ప్రవేశాల వివరాలు వాళ్ల ప్రకటనల్లో చూసుకోండి.

ఇంటికి తిరిగొచ్చాక, సామాను విప్పిన రెండో రోజో మూడో రోజో, ఆ కొండపల్లి బొమ్మను మళ్లీ దుప్పటి మీద పెట్టి, పాత నివేదిక చూడకుండా కొత్తది రాయండి. రెండూ పక్కపక్కన పెట్టండి. కల్లుగీత బొమ్మ రాసిన అమ్మాయి రెండో నివేదికలో మొదటిదానిలో లేనివి ఐదు ఉన్నాయి. వాటిలో ఒకటి, తాటిచెట్టు మొదట్లో రంగు కింద కనిపించే ఇంకో రంగు: అమ్మమ్మ ఎప్పుడో ఆ బొమ్మకు ఇంట్లోనే మళ్లీ రంగు వేయించారు. ఆ సాయంత్రమే అమ్మమ్మకు ఫోన్ చేసి ఎవరు వేశారు, ఏ ఏడాది, ఏ రంగు డబ్బా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.